మంచు కురిసే ఊళ్లో కారుకి వింటర్ టైర్లు: రిమ్ములు ఎలా ఎంచుకోవాలి?

మా బామ్మర్ది వచ్చే నెల కెనడాలోని మాంట్రియల్ వెళ్తున్నాడు. పోయిన ఆదివారం బెంగళూరు హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లోని మా ఇంటికి భోజనానికి వచ్చి, ఫోన్‌లో ఒక హోండా సివిక్ కారు ఫొటో చూపించాడు. "బావా, సెకండ్ హ్యాండ్‌లో ఇది మాట్లాడేశా. ఈ 18 అంగుళాల అల్లాయ్ రిమ్ముల మీదే వింటర్ టైర్లు ఎక్కించేస్తా, అదిరిపోతుంది కదా?"

ఫొటోలో అదిరింది, కాదనను. కానీ అక్కడ నాలుగు చలికాలాలు బండి నడిపి వచ్చినవాణ్ని కాబట్టి, సాంబారు చల్లారిపోయేదాకా వాడికి క్లాసు పీకాను. అదే ఇక్కడ రాస్తున్నా.

బెంగళూరులో మన అలవాటు తెలిసిందే. కొత్త కారు రాగానే జేసీ రోడ్డుకి తీసుకెళ్లి, ఇనుప రిమ్ములు పీకించి, ఒక సైజు పెద్ద అల్లాయ్స్, అంటే అల్యూమినియం మిశ్రమ లోహపు రిమ్ములు, వేయిస్తాం. మంచుకి దీన్ని తిరగేయాలి. చిన్నవి, సన్నవి, అందం తక్కువవి కావాలి.

అసలు వింటర్ టైరు ఎందుకంటే, సుమారు 7 డిగ్రీల కిందికి వెళ్తే మామూలు టైరు రబ్బరు గట్టిపడి పట్టు తగ్గిపోతుంది. బెంగళూరులో నమోదైన అతి తక్కువ ఉష్ణోగ్రత 7.8 డిగ్రీలు, అదీ 1884 జనవరిలో. అందుకే ఈ గొడవ మనకి తెలియదు. మాంట్రియల్ ఉన్న క్యూబెక్‌లో మాత్రం డిసెంబర్ 1 నుంచి మార్చి 15 దాకా వింటర్ టైర్లు చట్టప్రకారం తప్పనిసరి. టైరు పక్కన మూడు శిఖరాల కొండ, దానిలో మంచుపువ్వు గుర్తు ఉందో లేదో చూసుకోండి.

వాటికి వేరే రిమ్ములు ఎందుకు? ఉన్న రిమ్ముల మీదే మారిస్తే ఏడాదికి రెండుసార్లు టైరు ఊడదీసి ఎక్కించాలి. ప్రతిసారీ కూలీ, పైగా టైరు అంచు దెబ్బతినే ప్రమాదం. వేరే సెట్ ఉంటే నట్లు విప్పి బిగించుకోవడమే.

మొదట సైజు. డ్రైవర్ డోరు తీస్తే ఫ్రేము మీద స్టిక్కర్ ఉంటుంది, అందులో మీ కారు టైరు సైజు రాసి ఉంటుంది. తర్వాత అదే మోడల్‌లో తక్కువ ధర వేరియంట్‌కి కంపెనీ ఏ సైజు ఇచ్చిందో చూడండి. సాధారణంగా మీకు కావలసింది అదే.

మావాడి సివిక్‌కి 235/40 ఆర్18 ఉంది, బేస్ వేరియంట్‌కి 215/55 ఆర్16. మొదటి అంకె మిల్లీమీటర్లలో టైరు వెడల్పు, రెండోది ఆ వెడల్పులో పక్కగోడ ఎత్తు ఎంత శాతమో, ఆర్ తర్వాతది అంగుళాల్లో రిమ్ము సైజు. మొదటిదాంట్లో టైరు పక్కగోడ ఎత్తు 235లో 40 శాతం, అంటే 94 మిల్లీమీటర్లు. రెండోదాంట్లో 118. రిమ్ముకీ గుంటకీ మధ్య 24 మిల్లీమీటర్ల రబ్బరు ఎక్కువ. మంచు కరిగే మార్చిలో మాంట్రియల్ రోడ్లు చూస్తే మన సర్జాపూర్ రోడ్డు గుర్తొస్తుంది కాబట్టి ఇది చిన్న విషయం కాదు. చక్రం మొత్తం ఎత్తు మాత్రం 645 ఒకటి, 643 ఒకటి. స్పీడోమీటర్‌కి తేడా తెలియదు.

సన్న టైరు సంగతి కూడా అంతే. వెడల్పు టైరు మెత్తటి మంచు మీద తేలుతుంది. మనకి కావలసింది ఎడ్లబండి చక్రం బురదలో దిగినట్టు, మంచుని కోసుకుంటూ కింది రోడ్డుదాకా దిగడం.

ఇంకా నమ్మకం కుదరకపోతే అల్లాయ్స్ ఉన్న కారు డిక్కీ తీసి స్టెప్నీ చూడండి. చాలాసార్లు అది ఒక సైజు తక్కువ ఇనుప రిమ్మే ఉంటుంది.

ఒక్క జాగ్రత్త. బ్రేకులు పెద్దవైతే చిన్న రిమ్ము లోపల తగులుతుంది. నాలుగూ కొనేముందు ఒకటి బిగించి చేత్తో తిప్పి చూడాలి.

తర్వాత కొలతలు. నేను దెబ్బతిన్నది ఇక్కడే. బోల్టుల సంఖ్య, అవి ఉన్న వృత్తం వ్యాసం కలిపి పీసీడీ అంటారు. సివిక్‌ది 5x114.3. అక్కడి టయోటా కొరోల్లాకి చాలా ఏళ్లుగా 5x100. రెండిటికీ ఐదు బోల్టులే, కానీ దాని రిమ్ము దీనికి పట్టదు. రిమ్ము లోపలికీ బయటికీ ఎంత జరిగి ఉంటుందో చెప్పేది ఆఫ్‌సెట్. కంపెనీ ఇచ్చినదానికి 5 మిల్లీమీటర్లు అటూఇటూ దాటకండి.

ఇవి రెండూ చూసుకునే నేను పాత రిమ్ములు కొన్నాను. 90 దాటగానే స్టీరింగ్ వణుకు. రెండుసార్లు బ్యాలెన్సింగ్ చేయించా, డబ్బులు పోయాయి, వణుకు పోలేదు. చివరికి ఒక పెద్దాయన చక్రం విప్పి మధ్య రంధ్రం చూపించాడు. చక్రం కూర్చునే, కారు వైపు ఉండే మధ్య భాగాన్ని హబ్ అంటారు. నా సివిక్ హబ్ 64.1 మిల్లీమీటర్లు, నా రిమ్ము రంధ్రం 73.1. చక్రం హబ్ మీద కూర్చోకుండా నట్ల మీదే వేలాడుతోంది! ఆ ఖాళీ నిండేలా నాలుగు ప్లాస్టిక్ రింగులు పెట్టాడు, అంతే. ఉప్పు చల్లే రోడ్లకి ప్లాస్టిక్‌వే మేలు, అల్యూమినియం రింగులు హబ్‌కి పట్టేస్తాయి.

నట్లు. హోండా సొంత రిమ్ములకి నట్టు కూర్చునే చోటు గుండ్రంగా ఉంటుంది, బయట దొరికే వాటికి ఎక్కువగా కోన్ ఆకారం. ఒకదాని నట్టు ఇంకోదానికి వాడితే బిగిసినట్టే ఉండి దారిలో వదులవుతుంది. రిమ్ములతోపాటే సరైన నట్లు కొనండి.

ఇనుమా, అల్లాయా? నా ఓటు ఇనుముకే. గుంటలో పడితే అల్లాయ్ పగలొచ్చు, ఇనుము ఎక్కువగా వంగి ఊరుకుంటుంది. రోడ్డు మీద ఉప్పుకి ఇనుము తుప్పు పడుతుంది, నిజమే. అల్లాయ్ కూడా టైరు కూర్చునే అంచు దగ్గర తినేసుకుపోయి గాలి మెల్లగా దిగుతుంది. చిన్న సైజు కంపెనీ అల్లాయ్స్ మంచి కండిషన్‌లో, తక్కువకి దొరికితే తీసుకోండి. క్రోమ్ పూత రిమ్ముల జోలికి మాత్రం పోవద్దు.

గాలి తగ్గితే డ్యాష్‌బోర్డులో లైటు వెలిగే కార్లలో కొన్నిటికి ప్రతి చక్రంలో సెన్సర్ కావాలి. ఈమధ్య సివిక్‌లకి అక్కర్లేదు, చక్రాలు మార్చాక సిస్టమ్‌ని రీసెట్ చేస్తే చాలు.

బిగించడం. నాలుగు చక్రాలకీ వింటర్ టైర్లే వేయాలి. ముందు రెండే మారిస్తే మలుపులో వెనక భాగం పక్కకి జారిపోతుంది. హబ్ మీది తుప్పుని వైరు బ్రష్‌తో గీకి, నట్లని వరసగా కాకుండా నక్షత్రం గీసినట్టు బిగించండి. సివిక్‌కి బిగింపు 108 న్యూటన్ మీటర్లు, ఎంత బలంతో బిగిస్తున్నామో కొలిచే టార్క్ రెంచ్‌తోనే. ఓ 100 కిలోమీటర్లు తిరిగాక మళ్లీ చెక్ చేయండి. చలి 5, 6 డిగ్రీలు పెరిగిన ప్రతిసారీ టైరులో గాలి ఒత్తిడి సుమారు ఒక పీఎస్ఐ తగ్గుతుంది, అదీ చూసుకుంటూ ఉండాలి.

విప్పిన చక్రాల మీద చాక్‌పీసుతో "ముందు ఎడమ", "వెనక కుడి" అని రాసి పెట్టుకోండి. మావాడి ఫ్లాటు మూడో అంతస్తులో, లిఫ్టు లేదు. "బాల్కనీలో పడేయొచ్చా బావా?" అన్నాడు. ఎండ తగలకుండా కప్పి పెడితే పెట్టొచ్చు. లేదంటే అక్కడి టైరు షాపులు చాలావరకు అద్దెకి దాచిపెడతాయి. నాలుగు చక్రాలు మూడంతస్తులు మోయడం కంటే అదే నయం.