డ్వార్ఫ్ పాత్రకు వయసు నిర్ణయించడం ఎలా?

డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే పాత్రధారణ ఆటలో డ్వార్ఫ్ (కొండల్లో బతికే పొట్టి, గట్టి కాల్పనిక జాతివాడు) పాత్రను తయారు చేసేవారు క్యారెక్టర్ షీట్‌లో, అంటే పాత్ర వివరాలు రాసుకునే కాగితంలో, వయసు గడిని అన్నిటికన్నా చివర, 150 అనో 200 అనో తోచిన అంకెతో నింపుతారు. ఆట మొదలయ్యాక ఆ అంకెతో ఎవరికీ పని పడదు. నూట యాభై ఏళ్లు బతికినవాడు కూడా పాతికేళ్ల కుర్రాడిలాగే ఆలోచిస్తాడు, అలాగే మాట్లాడతాడు. వయసు కథకు పనికిరావాలంటే గరిష్ఠ ఆయుర్దాయాన్ని కాసేపు పక్కన పెట్టి, ఈ డ్వార్ఫ్‌ను అతని వంశంవారు ఏ వయసులో పెద్దవాడిగా లెక్కలోకి తీసుకుంటారన్న ప్రశ్నతో మొదలుపెట్టాలి.

ముందుగా మీ బృందం ఏ ఎడిషన్ ఆడుతోందో చూసుకోండి. 2014లో వచ్చిన ఐదో ఎడిషన్ ప్రకారం డ్వార్ఫ్ శరీరం మనిషి శరీరంలాగే ఎదుగుతుంది గానీ, 50 ఏళ్లు వచ్చేదాకా అతన్ని చిన్నవాడిగానే చూస్తారు. సగటు ఆయుర్దాయం సుమారు 350 ఏళ్లు. 2003 నాటి 3.5 ఎడిషన్‌లో యుక్తవయసు 40కి వస్తుంది, నడివయసు 125కి, వార్ధక్యం 188కి, పండు ముసలితనం 250కి మొదలవుతాయి. గరిష్ఠ వయసు తెలియాలంటే ఆ 250కి నూరు అంకెల పాచికలు రెండు వేసి కలపాలి. రెండు నూరు పాచికల సగటు 101 కాబట్టి మొత్తం 351 అవుతుంది, అంటే పాత లెక్కా కొత్త లెక్కా దాదాపు ఒక్కచోటికే చేరుతున్నాయి. పాత్‌ఫైండర్ అనే ఇలాంటి మరో ఆట రెండో ఎడిషన్‌లోనూ ఆయుర్దాయం సుమారు 350 ఏళ్లే, కాకపోతే శరీరం 25 ఏళ్లకు ఎదిగినా వయసు అంకె కన్నా ఆ వంశం జరిపే యుక్తవయసు క్రతువుకే ఎక్కువ విలువ ఉంటుంది. నా మట్టుకు ఈ చివరి పద్ధతే కథకు ఎక్కువ అక్కరకొస్తుంది, ఎందుకంటే క్రతువు పూర్తి చేయని డెబ్భై ఏళ్ల డ్వార్ఫ్ అనగానే సగం పాత్ర తయారైనట్టే.

డ్వార్ఫ్ వయసును నాలుగుతో భాగిస్తే మనిషి వయసు వస్తుందన్న లెక్క ఒకటి వాడుకలో ఉంది. రెండు వందల ఏళ్లవాడిని యాభై ఏళ్ల మనిషిలా ఊహించుకోవడానికి అది పనికొస్తుంది. అదే లెక్క ఇరవై ఏళ్ల డ్వార్ఫ్‌కు వేస్తే ఐదేళ్ల పసివాడు వస్తాడు, కానీ ఐదో ఎడిషన్ ప్రకారం ఆ ఇరవై ఏళ్లవాడు గొడ్డలి ఎత్తగలడు, గని దిగగలడు, కేవలం అతన్ని ఇంకా చిన్నవాడిగానే చూస్తారంతే. 3.5 పట్టికలో సైతం నడివయసు నుంచి మనిషి అంకెలకు సుమారు మూడున్నర రెట్లు కనిపిస్తాయి గానీ, యుక్తవయసు దగ్గర మనిషికి 15, డ్వార్ఫ్‌కు 40 కాబట్టి మూడు రెట్లు కూడా లేదు. అందుకని భాగహారం మానేసి జీవితాన్ని మూడు భాగాలుగా చూడండి: మనిషితో సమానంగా సాగే బాల్యం, ఒళ్లు ఎదిగినా మాట చెల్లని సుదీర్ఘ యవ్వనం, ఆ తర్వాత శతాబ్దాల పాటు పెద్దగా మార్పు లేని నడిమి కాలం. మనవాళ్లు షష్టిపూర్తి చేసుకునే వయసుకు డ్వార్ఫ్ ఇంకా ఆ నడిమి కాలపు గుమ్మంలోనే ఉంటాడు.

ఇక మొదటి లెవల్ (పాత్ర నైపుణ్యంలో తొలిమెట్టు) చిక్కు ఒకటుంది. నూట ఇరవై ఏళ్లవాడు పద్దెనిమిదేళ్ల మనిషితో సమానంగా మొదటి లెవల్‌లో ఎందుకున్నాడని ఆటగాళ్లు అడుగుతారు, అడగాలి కూడా. జవాబు నియమాల్లోనే దొరుకుతుంది: 2014 పుస్తకం ప్రతి డ్వార్ఫ్‌కూ కమ్మరి, బీరు తయారీ, తాపీ పనుల్లో ఒకదాని పనిముట్లలో నేర్పు ఇస్తుంది. ఉదాహరణకు బ్రొండార్ అనే 120 ఏళ్ల ఫైటర్‌ను (యోధుడి పాత్రను) తీసుకుందాం. యాభై ఏళ్లు వచ్చేదాకా మేనమామ కొలిమిలో తిత్తులు ఊదాడు. తర్వాత నలభై ఏళ్లు తలుపు బందులు మాత్రమే చేశాడు, ఎందుకంటే ఆ వంశంలో ఒక్క వస్తువులో చేయి తిరిగితే గానీ రెండోది ముట్టనివ్వరు. మిగిలిన ముప్ఫై ఏళ్లు కోట ద్వారం దగ్గర శత్రువు రాని కాపలా కాశాడు. ఆయుధం పట్టి ముప్ఫై ఏళ్లయినా యుద్ధం చూడలేదు కాబట్టి అతను మొదటి లెవల్‌లో ఉండటంలో వింత లేదు. పైగా దారిలో కనిపించిన ప్రతి తలుపు బందునూ పట్టి చూసే అలవాటు పాత్రకు ఉచితంగా వచ్చింది.

ఆటను, కథను నడిపించే గేమ్ మాస్టర్ చేయవలసిన పని దీనికన్నా పెద్దది. రెండు వందల యాభై ఏళ్ల కిందటి యుద్ధం, తరానికి పాతికేళ్ల లెక్కన, మనుషులకు పది తరాల వెనకటి కథ. డ్వార్ఫ్‌లు నూరేళ్లకు బిడ్డను కంటారనుకుంటే బ్రొండార్ తాతకు ఇప్పుడు 320 ఏళ్లు, ఆ యుద్ధం నాటికి 70. సంధి పత్రం మీద సంతకాలు ఎవరు పెట్టారో ఆయన కళ్లారా చూసి ఉంటాడు. కాబట్టి పోయిన నగరమో మరచిపోయిన రహస్యమో మీ కథకు కీలకమైతే, దాన్ని కనీసం ఐదు వందల ఏళ్ల వెనక్కి నెట్టండి, లేదా డ్వార్ఫ్‌లు తెలిసీ ఎందుకు నోరు విప్పడం లేదో ముందే నిర్ణయించుకోండి. నన్నడిగితే ఈ రెండో దారిలోనే రసం ఎక్కువ.

అప్పుల సంగతీ ఆలోచించవలసిందే. నూరు బంగారు నాణేలను ఏడాదికి 2 శాతం చక్రవడ్డీకి ఇచ్చిన డ్వార్ఫ్ రెండు వందల ఏళ్ల తర్వాత వచ్చి అడిగితే బాకీ 5,200 నాణేలు దాటుతుంది, చెల్లించవలసినవాడేమో ఎనిమిదో తరం మునిమనవడు. మీ రాజ్యంలో చక్రవడ్డీని నిషేధించారా, లేక ఆ మునిమనవడే మీ బృందాన్ని కూలికి పెట్టుకున్నాడా అన్నది మీ ఇష్టం. పిల్లల విషయంలో మాత్రం పిసినారిగా ఉండండి: కాన్పుకూ కాన్పుకూ మధ్య ముప్ఫై, నలభై ఏళ్లు ఉంచకపోతే కొన్ని శతాబ్దాల్లో కొండలు చాలవు.

వయసును దెబ్బతీసే నియమాలు కొన్ని ఉన్నాయి. 2014 ఐదో ఎడిషన్‌లో దెయ్యం భీకర రూపాన్ని చూసి సేవింగ్ త్రోలో (ఆపద తప్పించుకోవడానికి వేసే పాచికలో) 5 గానీ అంతకన్నా ఎక్కువ గానీ తేడాతో ఓడినవారికి పది నుంచి నలభై ఏళ్లు మీద పడతాయి. 24 గంటల లోపు గ్రేటర్ రెస్టొరేషన్ మంత్రం వేయకపోతే అది శాశ్వతం. పాతికేళ్ల మనిషి అరవై ఐదుకు చేరడం ఘోరం, కానీ 120 ఏళ్ల బ్రొండార్‌కు గడ్డంలో నాలుగు తెల్ల వెంట్రుకలు వస్తాయేమో. ఆ సమయంలో అతను మిగతావారితో ఏం మాట్లాడతాడో ఆటగాడినే చెప్పనివ్వండి.

3.5 ఎడిషన్‌లో పాత్ర 250కి చేరగానే గేమ్ మాస్టర్ రహస్యంగా పాచికలు వేసి గరిష్ఠ వయసు రాసిపెట్టుకోవాలి. రెండు, మూడేళ్ల కథాకాలంలో ముగిసే ఆటలో అది ఆటగాళ్ల పాత్రలకు అక్కరకు రాదు. దాన్ని కొండకోట రాజు కోసం వాడండి: పాచికలు ఒక్కసారి వేసి, ఆయన పోయే ఏడాదిని మీ పుస్తకంలో గుర్తు పెట్టుకుంటే, వారసులు ఎప్పటినుంచి గుసగుసలు మొదలుపెట్టాలో మీకు ముందే తెలుస్తుంది.