పిల్లలకి జీవితాంతం గుర్తుండేవి: ఖర్చు లేని చిన్న ఆనవాయితీలు, దగ్గర్లో చిన్న షికార్లు ఎలా మొదలుపెట్టాలి

ఎండాకాలం సెలవులు దగ్గరపడితే చాలు ప్రతి ఇంట్లో ఒకటే చర్చ, ఈసారి ఎక్కడికెళ్దాం, ఊటీనా మనాలీనా, లేకపోతే లోన్ పెట్టైనా సింగపూరా అని. వెళ్ళగలిగితే హాయిగా వెళ్ళండి. కానీ ముప్పై నలభై ఏళ్ళు దాటిన వాళ్ళని ఎవరినైనా కూర్చోబెట్టి చిన్నప్పటి సంగతులు చెప్పమనండి, అమ్మమ్మ కలిపి పెట్టిన ముద్దలు, భోగి మంటకి కట్టెలు ఏరుకురావడం, అట్లతద్దికి తెల్లారకముందే లేచి ఉయ్యాలూగడం, ఇవే చెప్తారు. గమనిస్తే వీటన్నిట్లో రెండు సంగతులు ఉంటాయి. ఒకటి, అవి ఏటేటా మళ్ళీ మళ్ళీ జరిగాయి. రెండోది, అందులో పిల్లల చేతికి ఏదో ఒక పని ఉంది. ఈ రెండూ ఉంటే డాబా మీద తిన్న పెరుగన్నం కూడా ముసలితనం దాకా గుర్తుంటుంది. నేను చెప్పేదంతా ఈ రెండింటి చుట్టూనే.

ముందు ఒక్కటి పెట్టుకోండి

చాలామంది ఉత్సాహంలో ఆదివారం పార్కు, శనివారం గేమ్ నైట్, రోజూ రాత్రి కథ అని లిస్టు రాసుకుంటారు, రెండు వారాలకే అంతా ఆగిపోతుంది. అలా వద్దు. ఒక్కటి మొదలుపెట్టండి, దానికి తేదీని మీరు నిర్ణయించకుండా క్యాలెండర్‌కి వదిలేయండి. నాకు బాగా నచ్చేది పౌర్ణమి. గోడ మీద తెలుగు క్యాలెండర్‌లో నెలకోసారి గుండ్రంగా కనపడుతూనే ఉంటుంది, ఎవరూ గుర్తుచేయక్కర్లేదు, చిన్నపిల్లలు సైతం ఆకాశం చూసి "ఇంకో నాలుగు రోజులే" అని లెక్కేసుకుంటారు.

వెన్నెల ముద్దలు

పౌర్ణమి రాత్రి అన్నం డాబా మీద తినాలి, అంతే. అపార్ట్‌మెంట్ అయితే వాచ్‌మెన్‌ని అడిగి టెర్రస్ తాళం తీయించుకోండి, కుదరకపోతే బాల్కనీ చాలు. చాప, పెద్ద బేసిన్, మంచినీళ్ళ బిందె, ఇంతే సామాను. ప్లేట్లు తేవద్దు, అసలు సంగతంతా అక్కడే ఉంది. ఒక్కరు కలపాలి, మిగతా వాళ్ళంతా చుట్టూ కూర్చుని చేతులు చాపాలి. ముందు ముద్దపప్పు అన్నంలో నెయ్యి వేసి ఒక విడత, తర్వాత ఆవకాయో గోంగూరో ఒక విడత, చివర్లో పెరుగన్నం, నంజుకోడానికి చల్ల మిరపకాయలు. ప్లేటులో పెడితే సగం వదిలేసి వెళ్ళిపోయే పిల్లలు ఇక్కడ తన వంతు ఎప్పుడొస్తుందా అని చేయి చాపుకుని కూర్చుంటారు, ఇది ఎవరింట్లో చూసినా ఇంతే.

ఫోన్లు కింద వదిలేసి రండి. పెద్దవాళ్ళవి కూడా. ఇంట్లో నాన్నమ్మో తాతయ్యో ఉంటే వాళ్ళని మాట్లాడనివ్వండి, "మీ చిన్నప్పుడు కరెంటు లేనప్పుడు రాత్రుళ్ళు ఏం చేసేవాళ్ళు" అని ఒక్క ప్రశ్న అడిగితే చాలు, గంటసేపు వాళ్ళే నడిపిస్తారు. శ్రావణం భాద్రపదం నెలల్లో మబ్బు పట్టి చంద్రుడు కనపడకపోయినా మానకండి, వాన పడితే హాల్లో లైట్లు ఆపేసి దీపం పెట్టుకుని అక్కడే చాప వేయండి. ఒకసారి మానేస్తే రెండోసారి మానడం చాలా తేలిక.

తిన్నాక సుద్దముక్కతో టెర్రస్ మీదే అష్టాచెమ్మా గీయండి. అయిదు గళ్ళు అయిదు వరసలు, నాలుగు వైపులా మధ్య గళ్ళకీ, నడిమింటికీ ఇంటూ గుర్తు. నాలుగు గవ్వలు కావాలి, గవ్వలు లేకపోతే చింతగింజలు ఒక వైపు తెల్లగా వచ్చేదాకా గచ్చు మీద అరగదీసి పెట్టుకోండి, ఆ అరగదీసే పని పిల్లలకి ఇవ్వండి, సాయంత్రమంతా అదే పనిలో ఉంటారు. నాలుగూ వెల్లకిలా పడితే చెమ్మ, అంటే నాలుగు. నాలుగూ బోర్లా పడితే అష్ట, ఎనిమిది. మిగతా రూల్స్ ఇంటికో రకంగా ఉంటాయి, మీ అమ్మమ్మ వాళ్ళింటి రూలే ఫైనల్ అనుకోండి, అదే మీ ఇంటి రూలు అయిపోతుంది.

ఆవకాయ రోజు

దీన్ని ఎందుకు పండగలా చేయమంటున్నానంటే పెద్దా చిన్నా అందరికీ పని దొరికే రోజు ఇంకోటి లేదు. మామిడికాయ ముదిరి పీచుకట్టే టైం చూసుకుని ఒక ఆదివారం పెట్టుకోండి, అన్నదమ్ములు అక్కచెల్లెళ్ళ కుటుంబాలు ఒకే ఊళ్ళో ఉంటే అందరూ ఒక ఇంట్లో కలవండి. కాయలు కడిగి తుడిచి తడి లేకుండా ఆరబెట్టడం, కత్తిపీట మీద కొట్టడం, లేదంటే మార్కెట్లోనే కొట్టించుకురావడం, ఇవి పెద్దవాళ్ళవి. ముక్కల్లోంచి జీడి తీసేసి, టెంకకి అంటుకుని ఉండే పల్చటి పొర గోరుతో లాగేసి, ఒక్కో ముక్కనీ పొడిగుడ్డతో తుడిచే పని ఆరేళ్ళు దాటిన పిల్లలు ఎవరైనా చేయగలరు. గుడ్డ పొడిగా ఉండాలి, చేతులు పొడిగా ఉండాలి, ఎందుకంటే తడి తగిలితే ఊరగాయ బూజు పడుతుంది, ఈ మాట పిల్లలకి కారణంతో సహా చెప్పండి, తర్వాత వాళ్ళే మీ చేతులు చెక్ చేస్తారు.

మామూలుగా ముక్కలు నాలుగు గిన్నెలైతే అదే గిన్నెతో ఆవపిండి ఒకటి, కారం ఒకటి, ఉప్పు ముప్పావు, కాసిని మెంతులు, ముక్క మునిగేటట్టు పప్పు నూనె. మూడో రోజు తిరగ కలపాలి, అప్పుడు ఉప్పు చూసి చాలకపోతే వేసుకోవాలి. మీ ఇంటి కొలత వేరే ఉంటే అదే వాడండి, కానీ ఒక నోట్‌బుక్ పెట్టి ఆ ఏడాది ఎన్ని కాయలు, ఏ రకం, ఎవరెవరు వచ్చారు, ఉప్పు ఎవరు చూశారు అన్నీ రాయించండి, రాసేది పిల్లలే. అయిదారేళ్ళు పోయాక ఆ నోట్‌బుక్కులో చేతిరాత మారుతూ రావడం చూస్తే మీకే తెలుస్తుంది దాని విలువ.

జాడీకి ఎత్తేశాక బేసిన్‌లో మిగిలిన గుజ్జులో వేడివేడి అన్నం వేసి, నెయ్యి పోసి కలిపి అందరికీ ముద్దలు పెట్టాలి. ఇది మర్చిపోవద్దు. పిల్లలకి ఆవకాయ రోజంటే ఆ బేసిన్ అన్నమే.

షికారు ఎలా ప్లాన్ చేయాలి

గంట గంటన్నరలో చేరే చోటు చాలు, పొద్దున్నే బయల్దేరి మధ్యాహ్నానికల్లా ఇంటికి వచ్చేయాలి, పిల్లలు అలిసిపోయి ఏడుపు మొదలుపెట్టకముందే తిరుగు ప్రయాణం. ఒక్క రోజులో నాలుగు చోట్లు తిప్పితే వాళ్ళకి కారు తప్ప ఏదీ గుర్తుండదు. ఒక చోటు, అక్కడ చేయాల్సిన ఒక పని, అది చాలు.

హైదరాబాద్‌లో ఉంటే సాలార్‌జంగ్ మ్యూజియం తీసుకోండి. మొత్తం చూపించాలని చూడకండి. లోపల మ్యూజికల్ క్లాక్ ఉంది కదా, గంట అయ్యే టైముకి గడియారంలోంచి గడ్డం ఉన్న బొమ్మ మనిషి బయటికొచ్చి గంట కొట్టి లోపలికెళ్ళిపోతాడు. పన్నెండు గంటలకి వెళ్తే పన్నెండు సార్లు కొడతాడు కాబట్టి జనం అప్పుడే ఎక్కువ చేరతారు, కాస్త ముందే వెళ్ళి చోటు చూసుకుని పిల్లలతో గట్టిగా లెక్కపెట్టించండి. తర్వాత ముసుగు వేసుకున్న రెబెక్కా పాలరాతి బొమ్మ చూపించి, రాతిలో పల్చటి గుడ్డ ఎలా వచ్చిందో వాళ్ళనే చెప్పమనండి. ఇక బయటికి వచ్చేయొచ్చు, మిగతాది వచ్చే ఏడాదికి. మ్యూజియానికి శుక్రవారం సెలవు, జూ పార్కుకి సోమవారం సెలవు, ఇది చూసుకుని బయల్దేరండి, పిల్లల్ని గేటు దాకా తీసుకెళ్ళి వెనక్కి తేవడం అంత బాధ ఇంకోటి లేదు.

గోల్కొండలో అయితే జట్టుని రెండుగా చేయండి. సగం మంది కింద గేటు దగ్గర గుమ్మటం కింద నిలబడి చప్పట్లు కొట్టాలి, సగం మంది పైన బాలాహిస్సార్ దగ్గర నిలబడి వినాలి. శత్రువులు వస్తే పైకి తెలియడానికి చేసిన ఏర్పాటు అది. జనం పెరిగితే ఏమీ వినపడదు కాబట్టి చలికాలంలో గేటు తీయగానే వెళ్ళడం మంచిది, ఎండ కూడా తగలదు. మెట్లెక్కలేని తాతయ్యకి కింద చప్పట్లు కొట్టే డ్యూటీ ఇవ్వండి, ఆయన ఊరికే బెంచీ మీద కూర్చోకుండా ఆటలో మెయిన్ మనిషి అవుతాడు.

వైజాగ్ వాళ్ళకి బీచ్ ఎలాగూ ఉంది, ఆ ఒడ్డునే కురుసుర సబ్‌మెరైన్ ఉంది, 2001 దాకా నేవీలో పనిచేసిన అసలు సబ్‌మెరైన్ అది, లోపలికి వెళ్ళి చూడొచ్చు. మనుషులు అంత ఇరుకులో ఎలా పడుకునేవాళ్ళో పిల్లలకి చూపిస్తే ప్రశ్నలు ఆగవు. అరకు రైలు గంటన్నర షికారు కాదు, రోజంతా పడుతుంది, ఎప్పుడైనా ఎక్కితే టన్నెల్స్ లెక్కపెట్టే పని పిల్లలదే, ఒకళ్ళు వేళ్ళ మీద, ఒకళ్ళు కాగితం మీద గీతలు, చివర్లో లెక్క కలవక పోట్లాడుకుంటారు, పోట్లాడుకోనివ్వండి.

విజయవాడ చుట్టుపక్కల వాళ్ళకి నేను గట్టిగా చెప్పేది కొండపల్లి. ఏడాదికోసారి వెళ్ళి, తెల్లపొణికి కర్రతో బొమ్మలు చెక్కేవాళ్ళ పని కాసేపు చూసి, ఒక్కో పిల్ల ఒక్కో చిన్న బొమ్మ కొనుక్కోవాలి, ఒక్కటే, బడ్జెట్ ముందే చెప్పేయాలి. ఇంటికొచ్చి బొమ్మ అడుగున పేరు, సంవత్సరం రాయాలి. దసరాకో సంక్రాంతికో కొలువు పెట్టే ఇల్లైతే ఆ ఏటి బొమ్మకి ముందు వరసలో చోటు. కొలువు పెట్టే అలవాటు లేకపోయినా షెల్ఫులో ఒక అర ఖాళీ చేసి అక్కడే మొదలుపెట్టండి.

గోదావరి వాళ్ళు ఎప్పుడూ ఒకే రేవులో, ఒకే మెట్టు మీద, ఒకే వరసలో నిలబడి ఫోటో తీసుకోండి. గోదావరి పుష్కరాలు 2015లో వచ్చాయి, మళ్ళీ 2027లో. అప్పుడు చంకలో ఉన్న పిల్ల ఈసారికి ఎత్తులో అమ్మని అందుకునేట్టు ఉంటుంది. పాత ఫోటో ఇప్పుడే వెతికి పెట్టుకోండి.

పండగలో పిల్లలకి ఒక పని

పండగలు ఎలాగూ చేస్తున్నాం కదా అనుకుంటాం, కానీ చాలా ఇళ్ళల్లో పిల్లలు కొత్తబట్టలు వేసుకుని ఫోటోకి నిలబడటం తప్ప చేసేదేమీ ఉండట్లేదు. బతుకమ్మకి పువ్వు కొనుక్కొచ్చేస్తే పని అయిపోతుంది నిజమే, కానీ ఒక్కరోజైనా ఊరి బయటికి తీసుకెళ్ళి తంగేడు, గునుగు ఎలా ఉంటాయో చూపించి వాళ్ళ చేత కోయించండి. గునుగుని కట్టలు కట్టి రంగునీళ్ళలో ముంచే పని మొత్తం వాళ్ళకే వదిలేయండి, చేతులన్నీ రంగులైతే అవుతాయి. తాంబాళంలో వరసలు పేర్చేటప్పుడు ఒక వరస వాళ్ళది, వంకరగా వచ్చినా సరిచేయొద్దు.

ఉగాదికి వేపపువ్వు దులిపి తెచ్చేది ఒకళ్ళు, పచ్చడి ఇంటింటికీ పట్టుకెళ్ళి ఇచ్చేది ఇంకొకళ్ళు. భోగి పళ్ళు చిన్నపిల్లలకే పోస్తాం, మరి పెద్దపిల్లలు ఏం చేయాలి అంటే రేగిపళ్ళు, చిల్లర, పూలరేకులు, చెరుకుముక్కలు కలిపి సిద్ధం చేసే బాధ్యత వాళ్ళది. అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉన్నవాళ్ళు ఇక్కడ్నించి ఎండు వేపపువ్వు తెప్పించుకుంటారు, బతుకమ్మకి అక్కడ దొరికే పువ్వులే పేరుస్తారు, చక్కగా చేస్తున్నారు. పువ్వు మారినా పేర్చే చేతులు పిల్లలవే అయితే చాలు.

టీనేజ్ పిల్లలు రానంటే

బలవంతం చేయకండి, వేరే పని ఇవ్వండి. పద్నాలుగేళ్ళ పిల్లాడిని "రా, సరదాగా ఉంటుంది" అంటే రాడు. "ఈసారి రూట్, టికెట్లు, టిఫిన్ ఎక్కడ తినాలో అంతా నువ్వే చూడు, ఇదిగో డబ్బులు" అనండి, వస్తాడు. వాడు తప్పు బస్ ఎక్కించినా నోరెత్తకుండా ఎక్కండి. ఫ్రెండ్‌ని తెచ్చుకుంటానంటే తెచ్చుకోనివ్వండి.

కార్తీక వనభోజనం

ఇది ఏటా ఒకసారి, పెద్ద లెవెల్లో. కార్తీకమాసంలో ఉసిరిచెట్టు కింద భోజనం మన పాత ఆచారమే, వానలు తగ్గి ఎండ ఇంకా ముదరని రోజులు కాబట్టి బయట కూర్చోడానికి హాయిగా ఉంటుంది. దసరా అయిన వెంటనే తేదీ అనుకోండి, లేకపోతే కార్తీక ఆదివారాలు ఇట్టే అయిపోతాయి. ఉసిరిచెట్టు ఎక్కడుందో ముందే చూసుకోవాలి, తెలిసినవాళ్ళ తోట అయితే మేలు, పార్కు అయితే పొయ్యి వెలిగించనిస్తారో లేదో అడగాలి. వెలిగించనివ్వకపోతే పులిహోర, దద్దోజనం, గారెలు ఇంటి నుంచే పట్టుకెళ్ళండి, ఇంటికో ఐటమ్ పంచుకుంటే ఎవరికీ భారం ఉండదు. విస్తరాకులు తీసుకెళ్ళండి, థర్మాకోల్ ప్లేట్లు వద్దు. వడ్డన పిల్లలది, మొదటి పంక్తిలో పెద్దవాళ్ళు కూర్చుంటే పిల్లలు వడ్డించాలి, రెండో పంక్తిలో పిల్లలు కూర్చుంటే పెద్దవాళ్ళు వడ్డించాలి. భోజనాలయ్యాక నిద్రపోయేవాళ్ళని పోనిచ్చి మిగతావాళ్ళు అంత్యాక్షరి, తొక్కుడు బిళ్ళ, ఖోఖో. తోట యజమానికి ఒక టిఫిన్ బాక్సు నిండా అన్నీ పెట్టి ఇవ్వడం, చెత్త గోనెసంచిలో ఎత్తి వెనక్కి తేవడం ఎవరి డ్యూటీనో కూడా ముందే చెప్పండి, వచ్చే ఏడాది అదే చెట్టు కిందకి మళ్ళీ రానివ్వాలిగా.

ఫోటోల గురించి ఒక్క మాట. షికారుకి వెళ్ళిన ప్రతిసారీ ఒక్క ఫోటో ప్రింట్ తీయించండి, వెనకాల ఊరు, తేదీ, ఉన్నవాళ్ళ పేర్లు బాల్‌పెన్‌తో రాయండి. నాన్నమ్మ మాటలు ఫోన్‌లో రికార్డ్ చేసేటప్పుడు ముందు ఆవిడ పేరు, ఊరు ఆవిడ చేతే చెప్పించండి, ఆ ఫైలు కనీసం ఇద్దరి దగ్గర ఉండేలా చూడండి. పిల్లలు హాస్టల్‌కి వెళ్ళిపోయినా పౌర్ణమి మానకండి, ఆ రాత్రి వీడియో కాల్ పెట్టి వాళ్ళ మెస్ ప్లేటుతో అక్కడి డాబా మీదకి రమ్మనండి, సెలవులకి ఇంటికొచ్చినప్పుడు బేసిన్ వాళ్ళ చేతికే ఇచ్చి కలపమనండి.