బడి రోజుల్లోనే వచ్చే కడుపునొప్పి: పిల్లల మనసు సంగతి డాక్టర్‌కి ఎలా చెప్పాలి?

మా అబ్బాయి నాలుగో తరగతిలో ఉండగా, పొద్దున్నే బూట్లు వేసుకునే వేళకి కడుపు పట్టుకుని గడపలో కూర్చునేవాడు. ఆదివారం మాత్రం నొప్పి ఉండేది కాదు. నులిపురుగుల మందు వేశాం, దిష్టి తీశాం, స్కానింగ్ కూడా చేయించాం, చివరికి రెండు నెలలకు తెలిసింది, బస్సులో ఓ పెద్ద పిల్లాడు వాణ్ణి రోజూ ఏడిపిస్తున్నాడని. పిల్లలు తమకు దిగులుగా ఉందని చెప్పలేరు. కడుపునొప్పి అంటారు, తలనొప్పి అంటారు, ఎప్పుడో మానేసిన పక్క తడపడం మళ్లీ మొదలవుతుంది.

అందుకే ముందు ఓ నోట్‌బుక్ పెట్టండి. రెండు వారాలు చాలు. "మంగళవారం, 7:40, కడుపునొప్పి, బస్సు వెళ్లిపోయాక తగ్గింది, ఇడ్లీ తిన్నాడు." ఇలా రాస్తే సరిపోతుంది. నిద్ర, తిండి, ఎవరితో ఆడటం మానేశాడన్నదీ రాయండి.

తర్వాత మీ పిల్లల డాక్టర్ దగ్గరికో, పీహెచ్‌సీకో (ప్రాథమిక ఆరోగ్య కేంద్రం), హైదరాబాద్‌లో అయితే బస్తీ దవాఖానాకో వెళ్లండి. ఓపీలో టైమ్ తక్కువ కాబట్టి కూర్చోగానే అసలు మాట చెప్పేయండి: "నొప్పి బడి రోజుల్లోనే వస్తోంది, మనసులో ఏదో ఉందని నా అనుమానం." రక్తహీనత, చూపు, వినికిడి లాంటివి ఉన్నాయేమో కూడా చూడమనండి. పిల్లాడి ముందే "వీడు మొండి సార్" అనొద్దు, ఆ మాటతో వాడు నోరు మూసేసుకుంటాడు. కాసేపు వాడితో విడిగా మాట్లాడమని డాక్టర్‌ని అడగండి.

మాటలు ఆలస్యంగా రావడం, చదువులో బాగా వెనకబడటం లాంటివైతే బడికీ అంగన్‌వాడీకీ వచ్చి పిల్లల ఆరోగ్యం పరీక్షించే ప్రభుత్వ పథకం ఆర్‌బీఎస్‌కే టీమ్‌ని అడగండి. 2013లో మొదలైన ఈ పథకం 18 ఏళ్ల వరకు వర్తిస్తుంది, అవసరమైతే వాళ్లే పై ఆసుపత్రికి పంపుతారు. సైకియాట్రిస్ట్ దగ్గరికి వెళ్లమంటే బెదిరిపోకండి. హైదరాబాద్‌లో మానసిక ఆసుపత్రి ఉన్న ఎర్రగడ్డ అన్న పేరునే వెక్కిరింతగా వాడే మన అలవాటు వల్ల ఎంతమంది పిల్లలకు వైద్యం ఆలస్యమవుతోందో తలచుకుంటే బాధేస్తుంది. వెళ్లే ముందు ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి, ఉచితం, 24 గంటలూ తెలుగులో మాట్లాడతారు.

పిల్లలు "చచ్చిపోతాను" అంటే మాత్రం నోట్‌బుక్ అవీ పక్కన పెట్టి ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఆ ఆలోచన ఉందా అని సూటిగా అడగండి, అడిగినంత మాత్రాన కొత్తగా పుట్టదు. ఒంటరిగా వదలొద్దు, ఇంట్లో మాత్రలూ పురుగుమందూ అందకుండా తాళం వేయండి. ఎవరైనా కొడుతున్నారన్నా, తాకకూడని చోట తాకుతున్నారన్నా వెంటనే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి.