ఇంట్లో కీమో మాత్రలు మొదలుపెట్టే ముందు

ఇకమీదట సెలైన్ పెట్టే పని లేదు, కీమో మాత్రల రూపంలో ఇస్తాం, ఇంటి దగ్గరే వేసుకోవచ్చు అని డాక్టరుగారు చెప్పగానే ఇంటిల్లిపాదికీ ఊపిరి తిరిగినట్టు ఉంటుంది. శ్రీకాకుళం నుంచో పార్వతీపురం నుంచో విశాఖ అగనంపూడిలోని హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రికి తిరిగే కుటుంబాలకైతే మరీను. కానీ వార్డులో కీమో ఎక్కించేటప్పుడు బరువు చూడటం, రక్తపరీక్ష రిపోర్టు సరిచూడటం, మోతాదు రెండోసారి లెక్కగట్టడం నర్సులూ ఫార్మసిస్టులూ చేస్తారు. మాత్రలు ఇంటికి వచ్చాక ఆ కాపలా మన మీద పడుతుంది.

బీపీ మాత్ర, షుగర్ మాత్ర ఒక్క పూట కూడా మానకూడదని అమ్మానాన్నలకు ఏళ్ల తరబడి చెబుతూ వచ్చాం. కీమో మాత్ర సంగతి వేరు. వేసుకునే రోజులు ఎంత ముఖ్యమో, ఆపే రోజులూ అంతే ముఖ్యం. విరామం కూడా మోతాదులో భాగమే. ఇంట్లో అందరికీ ముందుగా తెలియాల్సింది ఇదే.

ఆ అంకె ఎక్కడినుంచి వచ్చింది

పేగు క్యాన్సర్‌కూ రొమ్ము క్యాన్సర్‌కూ ఎక్కువగా వాడే కేపెసిటాబిన్‌నే ఉదాహరణగా తీసుకుంటాను. దీని మోతాదును శరీర ఉపరితల వైశాల్యాన్ని బట్టి కడతారు. ఎత్తును సెంటీమీటర్లలో, బరువును కిలోల్లో తీసుకుని, రెండింటినీ గుణించి, 3600తో భాగించి, వర్గమూలం కడితే చదరపు మీటర్లలో వస్తుంది. 160 సెంటీమీటర్ల ఎత్తు, 58 కిలోల బరువు ఉన్న అమ్మకు అది సుమారు 1.6. చదరపు మీటరుకు పూటకు 1000 మిల్లీగ్రాముల చొప్పున రాస్తే 1600 వస్తుంది. 500 మిల్లీగ్రాముల మాత్రలతో దగ్గరి మోతాదు 1500 కాబట్టి ఉదయం మూడు, రాత్రి మూడు అవుతాయి. చదరపు మీటరుకు 1250 చొప్పున రాస్తే అదే అమ్మకు పూటకు 2000, అంటే నాలుగు మాత్రలు. ఇంజెక్షన్ కీమోతో కలిపి ఇచ్చేటప్పుడు మోతాదు తగ్గించి రాయడం మామూలే. అందుకే పక్క మంచం మీది ఆవిడకు నాలుగు రాశారు, మనకు మూడే రాశారేమిటి అని కంగారు పడక్కర్లేదు.

ఈ లెక్క మీరు చీటీ అర్థం చేసుకోవడానికే, మార్చడానికి కాదు. డాక్టరు మూత్రపిండాల పనితీరు, వయసు, గత సైకిల్‌లో (వేసుకునే రోజులూ, ఆపే రోజులూ కలిపి ఒక విడత) వచ్చిన ఇబ్బందులు చూసి ఇంకా తగ్గించి ఉండవచ్చు. కేపెసిటాబిన్ శరీరంలో మారాక ఏర్పడే పదార్థాలు మూత్రపిండాల ద్వారా బయటికి పోతాయి. క్రియాటినిన్ (మూత్రపిండాల పనితీరు చూపే రక్తపరీక్ష అంకె) పెరిగిన మనిషికి పూర్తి మోతాదు ఇస్తే మందు ఒంట్లో పేరుకుని విషమవుతుంది. ఇంట్లో బరువు చూసే మిషను ఉంటే వారానికోసారి చూసి రాసి ఉంచండి. అయిదారు కిలోలు తగ్గితే, తర్వాతి సైకిల్‌కు ముందు అడక్కపోయినా చెప్పండి.

ఈ మందుకు 150 మిల్లీగ్రాముల మాత్ర కూడా ఉంది. చీటీలో రెండు రకాలూ రాస్తే ఏది ఎన్నో ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో రాయించుకోండి. ఆసుపత్రిలో ఇచ్చింది ఒక కంపెనీదీ, బయటి మెడికల్ షాపులో దొరికింది ఇంకో కంపెనీదీ అయితే పెద్దవాళ్లు రెండూ వేరు వేరు మందులనుకుని రెండూ వేసుకునే ప్రమాదం ఉంది. స్ట్రిప్ మీది పెద్ద పేరు కాదు, దాని కింద చిన్న అక్షరాల్లో ఉండే మందు పేరూ మిల్లీగ్రాములూ చూడండి.

పద్నాలుగు రోజుల తర్వాత పదిహేనో రోజు

సాధారణంగా 14 రోజులు వేసుకుని 7 రోజులు ఆపుతారు. జూన్ 1 ఉదయం మొదలుపెడితే జూన్ 14 రాత్రితో ఆఖరు. 15 నుంచి 21 వరకు విరామం. 22న రక్తపరీక్ష రిపోర్టు చూసి డాక్టరు సరే అంటేనే రెండో సైకిల్. గోడ మీది క్యాలెండరులో వేసుకునే రోజులకు ఒక రంగు, ఆపే రోజులకు ఇంకో రంగు పెట్టండి. మా ఇంట్లో నాన్నగారు చదువుకున్న మనిషే అయినా ఆ రంగులు లేకపోతే నమ్మకం ఉండేది కాదు.

పూటకు మూడు చొప్పున 14 రోజులకు కావాల్సినవి 84 మాత్రలు. పది మాత్రల స్ట్రిప్‌లు కొంటే తొమ్మిది తేవాలి, ఆరు మిగులుతాయి. ఆ ఆరూ సరిగ్గా ఒక రోజు మోతాదు. ఖరీదైన మందు, పారేయడం ఎందుకని పదిహేనో రోజు కూడా వేసేసుకోవాలనిపిస్తుంది. ఆ పని జరగకూడదు. మిగిలినవి విడిగా తీసి, తర్వాతి సైకిల్‌కు వాడవచ్చో లేదో ఆసుపత్రి ఫార్మసీలో అడగండి.

ఒక పూట మర్చిపోతే తర్వాతి పూట రెట్టింపు వేయకూడదు. మింగాక వాంతి అయితే మళ్లీ ఇవ్వకూడదు, ఎంత లోపలికి పోయిందో మనకు తెలియదు. ఆ పూట వదిలేసి, మామూలు వేళకు తర్వాతిది ఇచ్చి, వదిలేసిన సంగతి రాసి ఉంచండి. డాక్టరు మధ్యలో ఆపమంటే, ఆపిన రోజుల మాత్రలను చివర్లో కలిపి పూర్తి చేయరు. అవి పోయినట్టే.

అన్నంతోనా, పరగడుపునా

కేపెసిటాబిన్ తిన్న అరగంటలోపు నీళ్లతో వేసుకోవాలి. ఇక్కడే మన ఇళ్లలో తేడా వస్తుంది. కార్తీక సోమవారం ఉపవాసం ఉండే అమ్మ, మాత్ర మాత్రం మానకూడదని ఖాళీ కడుపు మీద వేసుకుంటుంది. వేసుకునే రెండు వారాల్లో ఉపవాసాలు ఉండకూడదని ముందే ఒప్పించండి, దేవుడికి ఆ మాట మీరే చెప్పుకోండి. ఇడ్లీ, పెరుగన్నం, రాగి జావ, ఏదో ఒకటి కడుపులో పడితే చాలు.

అన్ని మందులకూ ఇదే నియమం అనుకోవద్దు. మెదడు కణితికి ఇచ్చే టెమొజోలొమైడ్ మామూలుగా ఖాళీ కడుపుతో వేసుకుంటారు. అదీ చాలామందికి 28 రోజుల్లో 5 రోజులే. కొన్ని రక్త క్యాన్సర్లకు ఇచ్చే ఇమాటినిబ్ భోజనంతో, పెద్ద గ్లాసు నీళ్లతో. ప్రొస్టేట్ క్యాన్సర్‌కు ఇచ్చే అబిరటెరోన్ కీమో కాకపోయినా దాని సంగతీ చెప్పాలి. దాన్ని ఖాళీ కడుపుతోనే వేసుకోవాలి, నూనె ఎక్కువున్న భోజనంతో వేసుకుంటే రక్తంలో మందు కొన్ని రెట్లు పెరుగుతుంది. తెలిసినవాళ్లు చెప్పిన పద్ధతి మీ మందుకు పనికిరాకపోవచ్చు.

వేరే మందుల గురించి మొదటి రోజే చెప్పాల్సినవి ఉన్నాయి. రక్తం పలచబరిచే వార్ఫరిన్, ఫిట్స్‌కు వాడే ఫెనిటోయిన్, ఈ రెండింటి ప్రభావాన్నీ కేపెసిటాబిన్ పెంచుతుంది. నీరసంగా ఉందని షాపులో తెచ్చే బలం మాత్రల్లో ఫోలిక్ యాసిడ్ ఉంటుంది, అది కేపెసిటాబిన్ దుష్ఫలితాలను ఎక్కువ చేస్తుంది. గ్యాస్ మాత్రలు, ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు ఇచ్చే ఎర్లోటినిబ్ లాంటి కొన్ని మందులను ఒంటికి పట్టనివ్వవు. ఇమాటినిబ్ వాడేవాళ్లకు పంపరపనస వద్దు. ఆకుపసరు మందులు, ప్లేట్‌లెట్ల కోసమని బొప్పాయి ఆకు రసం ఎవరు తెచ్చి ఇచ్చినా, డాక్టరును అడిగాకే.

ఎప్పుడు ఆపి ఫోన్ చేయాలి

ఈ భాగం ఫ్రిజ్ మీద అంటించి పెట్టుకోదగ్గది. మామూలుగా అయ్యే విరేచనాల కంటే రోజుకు నాలుగు ఎక్కువైనా, రాత్రి నిద్రలోంచి లేచి వెళ్లాల్సి వచ్చినా ఆ పూట కేపెసిటాబిన్ ఇవ్వకుండా డాక్టరుకు ఫోన్ చేయండి. ఒక రోజులో ఒకటి కంటే ఎక్కువసార్లు వాంతి అయినా, నోటి పుండ్లతో తినలేకపోయినా, అరచేతులూ అరికాళ్లూ ఎర్రబడి నొప్పిపెడుతున్నా అంతే. ఛాతీలో నొప్పి వస్తే ఫోన్ కోసం కూడా ఆగొద్దు, మాత్ర ఆపి 108కి చేసి నేరుగా ఆసుపత్రికి వెళ్లండి. ఈ మందు గుండె రక్తనాళాలను బిగబట్టించగలదు.

జ్వరం 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్‌కు చేరినా, దాటినా అర్ధరాత్రి అయినా ఎమర్జెన్సీయే. తెల్ల రక్తకణాలు తగ్గి ఉంటే ఇన్ఫెక్షన్ గంటల్లో ముదురుతుంది. వానాకాలంలో విశాఖలో జ్వరం అనగానే డెంగీయో వైరలో అనుకుని పారాసిటమాల్ వేసి తెల్లారేదాకా చూడటం అలవాటు. కీమో మీద ఉన్నవాళ్ల విషయంలో అలా చూడొద్దు. ముందు థర్మామీటరుతో చూడండి, ఫోన్ చేయండి, పారాసిటమాల్ సంగతి తర్వాత.

కేపెసిటాబిన్ ఒంట్లోకి వెళ్లాక ఫ్లోరోయురాసిల్ అనే, అసలు పనిచేసే మందుగా మారుతుంది. దాన్ని విరిచేసే ఎంజైము కొందరిలో పుట్టుకతోనే తక్కువ. వాళ్లకు మొదటి సైకిల్‌లోనే, మామూలు మోతాదుకే తీవ్రమైన విరేచనాలూ నోటి పుండ్లూ వస్తాయి. ఇది ముందే తెలుసుకునే పరీక్ష ఉంది, అవసరమా అని డాక్టరును అడగండి. మొదటి రెండు వారాల్లో వీలైనంతవరకు పెద్దవాళ్లను ఒంటరిగా ఉంచకపోవడం మంచిది.

వీటన్నిటికీ అడ్డం వచ్చేది ఒకటుంది. చాలా ఇళ్లలో నాన్నకు జబ్బు పేరు చెప్పరు. కడుపులో పుండు, దానికి మందు అని చెప్పి ఊరుకుంటారు. ఎందుకు దాస్తారో నాకు తెలుసు, ఆ ప్రేమను తప్పు పట్టను. కానీ తాను వేసుకునేది ఎంత బలమైన మందో తెలియని మనిషి, నాలుగుసార్లు బాత్రూముకు వెళ్లిన సంగతి ఎందుకు చెబుతారు? చాలామంది నాన్నలు పిల్లలను ఇబ్బంది పెట్టకూడదని చెప్పకుండా ఊరుకుంటారు కూడా. జబ్బు పేరు చెప్పడానికి మనసు రాకపోతే కనీసం మందు గురించి చెప్పండి: "ఇది చాలా పవర్‌ఫుల్ మందు నాన్నా, మోషన్స్ అయినా, జ్వరం వచ్చినా వెంటనే మాకు చెప్పాలి, చెప్పకపోతే ప్రమాదం." రోజూ రాత్రి మీరే అడగండి. బాగున్నారా అని అడిగితే బాగానే ఉన్నానంటారు. ఎన్నిసార్లు వెళ్లారు, ఎంత తిన్నారు, చేతులు చూపించండి అని అడగాలి.

విశాఖ ఎండ, ఉక్క, తుపాను

అరికాళ్ల మంట వేడివల్ల, రాపిడివల్ల ఎక్కువవుతుంది. మే నెలలో ఆర్కే బీచ్ ఇసుకలో చెప్పుల్లేకుండా నడక, వేడి నీళ్లతో కాళ్లు కడగడం, బిగుతు చెప్పులు మానాలి. ఆషాఢ పౌర్ణమికి సింహాచలం గిరిప్రదక్షిణ మొక్కు ఉంటే, అది దాదాపు 32 కిలోమీటర్ల నడక. అమ్మ బదులు మీరు నడవండి.

ఎండాకాలం ఉక్కలో చెమట పోతుంది, దానిమీద విరేచనాలు తోడైతే ఒంట్లో నీరు తగ్గి మూత్రపిండాలు దెబ్బతింటాయి, అప్పుడు మందు బయటికి పోక ఇంకా పేరుకుంటుంది. ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు ఇంట్లో ఉంచండి, ప్యాకెట్ మీద రాసినన్ని నీళ్లలోనే కలపండి. గుండె జబ్బు ఉంటే ఎంత తాగాలో డాక్టరును అడగండి.

సముద్రపు గాలి తేమ వల్ల మాత్రలను స్ట్రిప్‌లోంచి ముందే విప్పి డబ్బాలో పోయొద్దు. వంటింట్లో, బాత్రూములో వద్దు. అక్టోబరు, నవంబరు నెలల్లో సైకిల్ పడితే మందులు ముందే తెచ్చుకోండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు కరెంటూ ఫోన్లూ రోజుల తరబడి లేవు, అది చూసినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. తుపాను హెచ్చరిక వచ్చిన రోజే డాక్టరుకు ఫోన్ చేసి, మోషన్స్ పెరిగితే ఏం చేయాలో, ఏ ఆసుపత్రికి వెళ్లాలో అడిగి కాగితం మీద రాసుకోండి.

మాత్రలను విరచకూడదు, నూరకూడదు, క్యాప్సూళ్లు విప్పకూడదు. మింగలేకపోతే డాక్టరును అడగాలి. మాత్రలు తీసి ఇచ్చేవాళ్లు గ్లౌజులు తొడుక్కోవాలి, తర్వాత చేతులు కడుక్కోవాలి. గర్భిణులు, పాలిచ్చే తల్లులు వీటిని ముట్టకూడదు. ఇంట్లో చిన్నపిల్లలుంటే తాళం వేసిన అరలో ఉంచాలి. బాత్రూము వాడాక మూత వేసి రెండుసార్లు ఫ్లష్ చేయాలి.

తర్వాతి అపాయింట్‌మెంటుకు వెళ్లేటప్పుడు ఖాళీ స్ట్రిప్‌లు, మిగిలిన మాత్రలు, మీ క్యాలెండరు పట్టుకెళ్లండి. ఎన్ని పూటలు మానేశారో ఉన్నది ఉన్నట్టు చెప్పండి. అన్నీ వేసుకున్నారనుకుంటే, రక్తకణాలు బాగానే ఉన్నాయి కదా అని డాక్టరు అదే మోతాదు కొనసాగిస్తారు. మానేసిన పూటలు తెలిస్తే ఆ రిపోర్టుకు అర్థమే మారిపోతుంది.