అమెరికా యూనివర్సిటీ సేఫ్టీ రిపోర్టు: సున్నాలు చూసి మురిసిపోకండి

మా పై ఫ్లోర్ ఆవిడది కడప. వాళ్ళమ్మాయికి అమెరికాలో రెండు యూనివర్సిటీల్లో ఎం.ఎస్. సీటు వచ్చింది. ఒక ఆదివారం పొద్దున ఆ రెండు యూనివర్సిటీల సేఫ్టీ రిపోర్టుల్లోని నేరాల పట్టికలు ప్రింట్ తీసి పట్టుకుని కిందికి వచ్చింది. "అక్కా, దీంట్లో అన్నీ సున్నాలే. దీంట్లో చూడు, రేప్ కేసులే పది దాకా ఉన్నాయి. సున్నాలున్న దానికే పంపిస్తాం" అంది.

నేను బెంగళూరు మారతహళ్ళిలో ఒక కంపెనీ అకౌంట్స్‌లో 22 ఏళ్ళుగా పనిచేస్తున్నా. లెక్కల కాగితం ఏది చేతికొచ్చినా ముందు అడుగున చిన్న అక్షరాల్లో ఉన్న నోట్సు చదువుతాను. మా పెద్దమ్మాయిని పంపేటప్పుడు ఈ రిపోర్టునూ అలాగే చదివాను. ఆవిడకు చెప్పిందే ఇక్కడ రాస్తున్నా.

ముందు ఈ కాగితం ఎందుకు పుట్టిందో తెలియాలి. 1986 ఏప్రిల్‌లో పెన్సిల్వేనియాలోని లీహై యూనివర్సిటీలో జీన్ క్లెరీ అనే 19 ఏళ్ళ అమ్మాయిని హాస్టల్ గదిలోనే తోటి విద్యార్థి చంపేశాడు. ఆ క్యాంపస్‌లో అంతకుముందు జరిగిన నేరాల సంగతి విద్యార్థులకు ఎవరూ చెప్పలేదని ఆ తల్లిదండ్రులకు తర్వాత తెలిసింది. వాళ్ళు పట్టుబట్టడంతో 1990లో చట్టం వచ్చింది. అందరూ క్లెరీ యాక్ట్ అంటారు. ఫెడరల్ ప్రభుత్వం ఇచ్చే స్టూడెంట్ ఎయిడ్ పథకాల్లో ఉన్న ప్రతి యూనివర్సిటీ ఏటా అక్టోబరు 1 లోపు 'యాన్యువల్ సెక్యూరిటీ రిపోర్ట్' బయటపెట్టాలి. యూనివర్సిటీ పేరు పక్కన ఈ మూడు మాటలు కలిపి గూగుల్‌లో కొడితే పీడీఎఫ్ దొరుకుతుంది. వంద పేజీలుంటుంది, భయపడకండి. అంకెల పట్టికలు నాలుగైదు పేజీలే.

పట్టికలో మూడేళ్ళ లెక్కలుంటాయి, అవి క్యాలెండర్ సంవత్సరాలు. 2025 అక్టోబరులో వచ్చిన రిపోర్టులో 2022, 2023, 2024 ఉంటాయి. మీరు మార్చిలో కూర్చుని చదువుతున్నారంటే, అందులోని చివరి నేరం కూడా ఏడాది పైమాటే.

పట్టికలో ఒక్కో నేరానికీ కాలమ్స్ ఉంటాయి: క్యాంపస్, అందులో హాస్టళ్ళు, క్యాంపస్ బయట యూనివర్సిటీ చేతిలో ఉన్న భవనాలు, ఆనుకుని ఉన్న రోడ్లు. పై ఫ్లోర్ ఆవిడ అన్నిటినీ కూడేసింది. హాస్టళ్ళ అంకె క్యాంపస్ అంకెలోనే కలిసి ఉంటుంది. విడిగా కూడితే రెండుసార్లు లెక్కపెట్టినట్టే. ఆ పది కేసులు అలా పదయ్యాయి. నిజానికి అవి ఆరు.

ఇవి కోర్టులో రుజువైన కేసులు కావు. పోలీసుకో, వార్డెన్‌కో, స్పోర్ట్స్ కోచ్‌కో ఎవరో వచ్చి చెప్పుకున్నవి. కాబట్టి హాస్టళ్ళలో వేలమంది ఉన్న యూనివర్సిటీలో ఆరు కనిపిస్తే, కనీసం చెప్పుకునే దారి ఒకటి ఉందనుకోవచ్చు. అన్నీ సున్నాలున్న రెండోది చూస్తే, దానికి అసలు హాస్టళ్ళే లేవు. సాయంత్రం క్లాసులకు వచ్చి వెళ్ళిపోయే కాలేజీ. ఇంకొన్ని చోట్ల సున్నా అంటే సరిగ్గా రాయలేదని కూడా కావచ్చు. 2024లో లిబర్టీ యూనివర్సిటీకి ఈ చట్టం కిందే అమెరికా విద్యాశాఖ కోటీ 40 లక్షల డాలర్ల జరిమానా వేసింది. నేరాల లెక్కలు సరిగా చెప్పకపోవడం అందులో ఒక కారణం.

అసలు సంగతి ఇప్పుడు చెబుతా. మన పిల్లల్లో హాస్టల్లో ఉండేవాళ్ళు ఎంతమంది? నలుగురు కలిసి బయట అపార్ట్‌మెంట్ తీసుకుంటారు. మా అమ్మాయి చూసుకున్న అపార్ట్‌మెంట్‌ను డైనింగ్ టేబుల్ మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని మ్యాప్‌లో వెతికాం. క్యాంపస్ అంచు నుంచి రెండు కిలోమీటర్లు, మధ్యలో హైవే. ఏ చోట జరిగిన నేరాలు లెక్కలోకి వస్తాయో చెప్పే 'క్లెరీ జాగ్రఫీ' అని రిపోర్టులో ఒక పేజీ ఉంటుంది. రోడ్డు విషయంలో లెక్క ఎక్కడి వరకంటే, క్యాంపస్ వైపు ఫుట్‌పాత్, రోడ్డు, అవతలి ఫుట్‌పాత్. అంతే. అవతలి ఫుట్‌పాత్ దాటి షాపులో దోపిడీ జరిగినా ఈ పట్టికలోకి రాదు. ఇక మా అమ్మాయి అపార్ట్‌మెంట్ ఎక్కడ! వంద పేజీలు చదివాక తేలిందేమిటంటే, అది పిల్ల పగలు ఉండే చోటు గురించి, రాత్రి పడుకునే చోటు గురించి కాదు. ఆ అపార్ట్‌మెంట్‌ను యూనివర్సిటీయే లీజుకు తీసుకుని నడుపుతుంటే మాత్రం లెక్కలోకి వస్తుంది. ఆ ఒక్క ప్రశ్న హౌసింగ్ ఆఫీసుకు ఈమెయిల్‌లో అడగండి.

పట్టికలో లేనిది ఇంకోటి ఉంది, మామూలు దొంగతనం. అనుమతి లేకుండా గదిలో దూరి ఎత్తుకెళితే లెక్కలోకి వస్తుంది. లైబ్రరీ టేబుల్ మీద పెట్టిన ల్యాప్‌టాప్ పోతే, జాతి, మతం లాంటి వాటి మీద ద్వేషంతో చేసిందైతే తప్ప రాదు. దానికి 'డైలీ క్రైమ్ లాగ్' చూడాలి. క్యాంపస్ పోలీసులు గానీ సెక్యూరిటీ విభాగం గానీ ఉన్న యూనివర్సిటీ తనకు అందిన ప్రతి నేరాన్నీ రెండు పనిరోజుల్లో అందులో ఎక్కించాలి. గత 60 రోజులది ఎవరు అడిగినా చూపించాలి. వెబ్‌సైట్‌లో పెట్టాలన్న నియమం లేదు గానీ చాలామంది పెడతారు. మేం చూసినదాంట్లో లేకపోతే ఈమెయిల్ చేశాం. మనకు రాత్రి పదకొండున్నరకి జవాబొచ్చింది, పీడీఎఫ్‌తో సహా. అందులో వరుసగా లైబ్రరీ, లైబ్రరీ, జిమ్ లాకర్, మళ్ళీ లైబ్రరీ. "అమ్మా, ల్యాప్‌టాప్ వదిలేసి కాఫీకి వెళ్ళకూడదన్నమాట" అంది మా అమ్మాయి. వంద పేజీల కన్నా ఆ ఒక్క కాగితమే మాకు ఎక్కువ పనికొచ్చింది.

అపార్ట్‌మెంట్ చుట్టుపక్కల సంగతికి ఆ ఊరి పోలీసుల వెబ్‌సైట్‌లో క్రైమ్ మ్యాప్ ఉందేమో చూడండి. లేకపోతే అక్కడున్న సీనియర్లను అడగండి. "సేఫేనా?" అని అడిగితే "సేఫే ఆంటీ" అంటారు. "రాత్రి పదింటికి ల్యాబ్ నుంచి ఇంటికి ఎలా వస్తావు?" అని అడగండి. అప్పుడు చెబుతారు అసలు మాట.

అలర్టుల సంగతి క్లుప్తంగా చెబుతా. ప్రమాదం ఇంకా పొంచి ఉందంటే విద్యార్థులకు హెచ్చరిక పంపడం యూనివర్సిటీ బాధ్యత. అది వెళ్ళేది వాళ్ళ దగ్గరున్న నంబరుకు. పిల్లలు అప్లికేషన్‌లో ఇచ్చిన ఇండియా నంబరే ఉండిపోతే మెసేజ్ అక్కడికే పోతుంది. అక్కడ సిమ్ తీసుకున్న రోజే మార్పించండి.

విద్యార్థి కనిపించకుండా పోతే ఎవరికి చెప్పాలన్నదీ రిపోర్టులో ఉంటుంది. కానీ చట్టం ఆ ఏర్పాటు పెట్టమన్నది క్యాంపస్ హాస్టల్లో ఉండేవాళ్ళకే. బయట ఉండేవాళ్ళకు మనమే చూసుకోవాలి. బెంగళూరు నుంచి అమెరికా ఎమర్జెన్సీ నంబరు 911 కొడితే అక్కడి పోలీసు ఎత్తడు. ఆ ఊరి పోలీసుల మామూలు నంబరు, పది అంకెలది, ముందే రాసి పెట్టుకోండి. ఫోన్ చేసి 'వెల్‌ఫేర్ చెక్' అని అడిగితే ఇంటికి వెళ్ళి చూసి వస్తారు. మా ఫ్రిజ్ మీద పాలవాడి లెక్క పక్కన ఆ నంబరు, రూమ్‌మేట్ నంబరు, అపార్ట్‌మెంట్ అడ్రసు ఉన్నాయి.

ర్యాగింగ్‌ను అక్కడ హేజింగ్ అంటారు. 2024 డిసెంబరులో క్లెరీ చట్టాన్ని సవరించి దాని లెక్కలూ చెప్పమన్నారు. ఆ అంకెలు 2026 అక్టోబరు రిపోర్టు నుంచి కనిపిస్తాయి.

ఇదంతా నేర్చుకున్నాక మా చిన్నోడిని ఇక్కడే ఒక ప్రైవేటు కాలేజీలో చేర్చేటప్పుడు ఊరుకుంటానా? మన దగ్గర నేరాలన్నిటికీ కలిపి ఇలాంటి లెక్క ప్రకటించమనే చట్టం లేదు. కానీ 2013 చట్టం ప్రకారం లైంగిక వేధింపుల ఫిర్యాదులు చూసే ఇంటర్నల్ కమిటీ ఏటా ఎన్ని ఫిర్యాదులొచ్చాయో, ఎన్ని తేల్చారో రిపోర్టు ఇవ్వాలి. ఆఫీసులో అది చూపించమన్నాను. క్లర్కు నన్ను ఎగాదిగా చూసి "ఏ కంపెనీ ఆడిట్ మేడమ్ మీది?" అన్నాడు. ఆడిట్ కాదు, బీఈ ఫస్టియర్ పేరెంట్‌ని అన్నాను. కమిటీ సభ్యుల పేర్లున్న బోర్డు చూపించాడు. రిపోర్టు సోమవారం ఇస్తానన్నాడు. మూడు సోమవారాలు అయిపోయాయి. ప్రభుత్వ యూనివర్సిటీ అయితే పది రూపాయలు కట్టి సమాచార హక్కు కింద అడగొచ్చు, 30 రోజుల్లో జవాబివ్వాలి. ప్రైవేటు కాలేజీ కదా, నాలుగో సోమవారం మళ్ళీ వెళ్తున్నా.