పెద్ద విమానం మోడల్‌లో తోక సర్వోల వణుకు ఎలా పోయిందంటే

బరంపురంలో మా ఇంటి డాబా మీద థర్మోకోల్‌తో 1:15 స్కేల్‌లో, రిమోట్‌తో ఎగిరే ఎయిర్‌బస్ ఏ320 మోడల్ కడుతున్నాం, పొడవు రెండున్నర మీటర్లు. థ్రాటిల్ (మోటార్ల వేగం పెంచే మీట) సగం దాటగానే తోకలోని ఎలివేటర్, రడ్డర్ పలకల్ని కదిలించే చిన్న మోటార్లు, అంటే సర్వోలు, వణికేవి. రిమోట్ సిగ్నల్ అందుకునే రిసీవర్ మార్చాం, సర్వోలు మార్చాం, వైర్లలో అడ్డు సిగ్నళ్ళు తగ్గించే ఫెరైట్ రింగులు వేశాం, ఏదీ పనిచేయలేదు.

అసలు సంగతి పట్టించింది మల్టీమీటరే. రిసీవర్ దగ్గర 5 వోల్టులు ఉన్నా, సర్వోలు లోడు మీద తిరిగేటప్పుడు తోక దగ్గర 4.2 మాత్రమే. బజార్లో దొరికే ఎక్స్‌టెన్షన్ వైర్లు మరీ సన్నం, అంత దూరం వెళ్ళేసరికి వోల్టేజీ దారిలోనే పోతోంది.

ముందు రెండు ఈఎస్‌సీల (మోటార్ల వేగాన్ని నియంత్రించే సర్క్యూట్లు) నుంచి వచ్చే కరెంటు కొత్త సప్లైతో కలవకుండా వాటి ఎర్ర పిన్నులు కనెక్టర్లలోంచి లాగి టేపు చుట్టాం. విడిగా చిన్న బ్యాటరీతో 6 వోల్టుల యూబెక్, అంటే వోల్టేజీని స్థిరంగా ఇచ్చే చిన్న సర్క్యూట్, పెట్టాం (మీ సర్వోలు 6 వోల్టులు తట్టుకుంటాయో లేదో తప్పకుండా చూసుకోండి). తర్వాత తోక దాకా ప్లస్, మైనస్‌లకి మందమైన 20 గేజీ సిలికాన్ వైరు లాగి, సిగ్నల్ వైర్లని మైనస్ వైరుతో మెలిపెట్టి, మోటారు వైర్లకి ఎడంగా పోనిచ్చాం. చివర్లో సర్వోల పక్కనే 16 వోల్టుల 1000 మైక్రోఫారడ్ కెపాసిటర్, గీత ఉన్న కాలు మైనస్‌కి. ఫుల్ థ్రాటిల్‌లో కూడా ఎలివేటర్ కదలకుండా నిలబడింది, ఎంత హాయి అనిపించిందో!

మాది రెండు ఈడీఎఫ్‌ల (గొట్టంలో తిరిగే ఎలక్ట్రిక్ ఫ్యాన్లు) మోడల్. థ్రాటిల్‌తో సంబంధం లేకుండా వణికితే మాత్రం ఇది పనికొస్తుందని చెప్పలేను, ముందు తోక దగ్గర వోల్టేజీ కొలవండి.