ఫోన్ కేబుల్‌తో లినక్స్‌కి నెట్ ఇచ్చి, డేటా ప్యాక్ కాపాడుకోవడం ఎలా?

గుంటూరు బ్రాడీపేటలో గది తీసుకుని కోచింగ్‌కి వెళ్లే కుర్రాడికైనా, విజయవాడలో కొండ మీద ఫైబర్ తీగ ఎక్కని ఇంటికైనా నెట్ అంటే ఫోనే. రోజుకి 1.5 జీబీయో 2 జీబీయో వస్తుంది. అది అయిపోతే స్పీడు 64 కేబీపీఎస్‌కి పడిపోతుంది. ఆ స్పీడులో 100 ఎంబీ దిగాలంటే దాదాపు మూడున్నర గంటలు. ఫోన్‌ని లినక్స్‌కి కలపడం రెండు నిమిషాల పనే. కానీ పొద్దున కలిపిన నెట్ మధ్యాహ్నానికే ఖాళీ అవడం చూసి, "లినక్స్ డేటా తాగేస్తోంది" అని మళ్లీ విండోస్ ఎక్కించుకునేవాళ్లు కోకొల్లలు. మీటర్డ్ కనెక్షన్ అనే సెట్టింగ్ సరిగా పెట్టుకుంటే ఆ అవస్థ చాలావరకు తగ్గుతుంది.

ముందు కేబుల్. ఛార్జింగ్ ఎక్కుతోంది కాబట్టి కేబుల్ మంచిదే అనుకోవద్దు. చవక కేబుళ్లలో కొన్నిటికి కరెంటు తీగలే ఉంటాయి, డేటా తీగలు ఉండవు. ఫోన్‌లో యూఎస్‌బీ టెథరింగ్ (కేబుల్‌తో ఫోన్ నెట్ పంచడం) బటన్ మసకగా ఉండి నొక్కుడు పడకపోతే ముందు అనుమానించాల్సింది కేబుల్‌నే. ఫోన్‌తో పాటు వచ్చిన కేబుల్ వాడండి. కంప్యూటర్‌లో లినక్స్ రకాలైన ఉబుంటు గానీ మింట్ గానీ ఉంటే చాలు, డ్రైవర్లేమీ వెతకక్కర్లేదు. వైఫై డ్రైవర్ దొరకని కొత్త ఇన్‌స్టలేషన్‌లో కూడా ఇదే దారి: ముందు ఫోన్ కలిపి, తర్వాత డ్రైవర్ మేనేజర్ (ఉబుంటులో అడిషనల్ డ్రైవర్స్) తెరవండి.

కేబుల్ గుచ్చండి. ఫోన్ సెట్టింగ్స్‌లో హాట్‌స్పాట్, టెథరింగ్ పేజీకి వెళ్లి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేయండి. లినక్స్‌కి అది మామూలు లాన్ కేబుల్‌లాగే కనిపిస్తుంది, నెట్ వచ్చేస్తుంది. కేబుల్ పీకిన ప్రతిసారీ ఆ బటన్ ఆఫ్ అయిపోతుంది. చిరాకనిపిస్తే ఫోన్ వివరాల పేజీలో బిల్డ్ నంబర్ మీద ఏడుసార్లు నొక్కి, డెవలపర్ ఆప్షన్స్‌లో డీఫాల్ట్ యూఎస్‌బీ కాన్ఫిగరేషన్‌ని టెథరింగ్‌కి మార్చుకోండి. ఐఫోన్ అయితే లాక్ తీసి పర్సనల్ హాట్‌స్పాట్ ఆన్ చేసి, ట్రస్ట్ నొక్కాలి.

హాట్‌స్పాట్ సులువు కదా, కేబుల్ ఎందుకు అంటారు. అపార్ట్‌మెంట్‌లో ఇరవై వైఫైల మధ్య మీది ఇరవై ఒకటోది. వైఫై ప్రసారం, మొబైల్ సిగ్నల్ రెండూ ఒక్క బ్యాటరీ మీదే నడవాలి. మే నెల బెజవాడ ఎండలో ఆ ఫోన్ చేత్తో పట్టుకోలేరు. కేబుల్ అయితే ఫోన్ ఎంతో కొంత ఛార్జ్ అవుతూనే ఉంటుంది. ఇక బ్లూటూత్ టెథరింగ్ మరీ నెమ్మది, ఉత్తరాలు రాసుకునేవాళ్లకి.

ఇప్పుడు అందరూ తప్పే చోటు: మీటర్డ్ కనెక్షన్. ఇది లెక్క కట్టే నెట్ అని లినక్స్‌కి చెప్పే గుర్తు అది. లాన్ కేబుల్ అంటే అన్‌లిమిటెడ్ అని లినక్స్ నమ్మకం. ఆండ్రాయిడ్ ఫోన్ తనది మొబైల్ డేటా అని చిన్న సూచన పంపితే లినక్స్‌లో నెట్ చూసుకునే నెట్‌వర్క్ మేనేజర్ దాన్ని పట్టుకుని ఊహిస్తుంది. సూచన రాకపోతే ఊహా లేదు. అందుకే ఆటోమేటిక్ అని వదిలేయకూడదు.

సరే, నెట్‌వర్క్ సెట్టింగ్స్‌లో పళ్లచక్రం గుర్తు నొక్కి మీటర్డ్ అని టిక్ పెట్టారు. మర్నాడు చూస్తే టిక్ లేదు. ఎందుకంటే చాలా ఫోన్లు కేబుల్ గుచ్చిన ప్రతిసారీ కొత్త మ్యాక్ అడ్రస్‌తో (నెట్‌వర్క్ కార్డు గుర్తింపు నంబరు) వస్తాయి. లినక్స్ కంటికి అది కొత్త కార్డు, దానికో కొత్త వైర్డ్ కనెక్షన్. మీరు టిక్ పెట్టింది నిన్నటి కార్డుకి. అలా టిక్ పెట్టిన ప్రతి ప్రొఫైలూ, అంటే సేవ్ అయిన కనెక్షన్ సెట్టింగులూ, పనికిరాకుండా జాబితాలో పోగుపడుతుంది.

కాబట్టి ఆ పేజీలో కాకుండా ఇలా చేయండి. ఉబుంటులో అడ్వాన్స్‌డ్ నెట్‌వర్క్ కాన్ఫిగరేషన్, మింట్‌లో నెట్‌వర్క్ కనెక్షన్స్ తెరవండి. పోగుపడ్డ పాత వైర్డ్ కనెక్షన్లన్నీ తీసేయండి. ప్లస్ గుర్తు నొక్కి ఈథర్నెట్ ఎంచుకుని, పేరు "ఫోన్" అని పెట్టండి. ఈథర్నెట్ ట్యాబ్‌లో డివైస్ అనే గడి ఖాళీగా వదలండి. కిటుకంతా ఈ గడిలోనే ఉంది. అక్కడ జాబితాలోంచి ఫోన్‌ని ఎంచుకున్నారంటే మళ్లీ ఇవాళ్టి అడ్రస్‌కే కట్టుబడతారు, చేసిందంతా వృథా. ఖాళీగా ఉంటే ఏ అడ్రస్‌తో వచ్చినా ఈ ప్రొఫైలే పట్టుకుంటుంది. జనరల్ ట్యాబ్‌లో మీటర్డ్ కనెక్షన్ దగ్గర యెస్ పెట్టి సేవ్ చేయండి. కేబుల్ పీకి మళ్లీ గుచ్చి, నెట్‌వర్క్ గుర్తు దగ్గర చూపించే పేరు "ఫోన్" అవునో కాదో చూడండి. ఆఫీసులో నిజమైన లాన్ కేబుల్ గుచ్చినా ఇదే ప్రొఫైల్ పట్టుకుంటుంది. అలాంటివాళ్లు ఆ లాన్‌కి వేరే ప్రొఫైల్ పెట్టుకుని, అందులో మాత్రం డివైస్ గడి నింపి, జనరల్ ట్యాబ్‌లో ఆటోమేటిక్‌గా కలిసే ప్రయారిటీ అంకెని "ఫోన్" కన్నా ఎక్కువ పెట్టుకోవాలి.

ఇంతా చేసినా మీటర్డ్ అనేది అరండల్‌పేటలో నో పార్కింగ్ బోర్డు లాంటిది, ఖాతరు చేసేవాడే ఆగుతాడు. వాటంతటవే జరిగే సెక్యూరిటీ అప్‌డేట్లు ఆగుతాయి. బ్రౌజర్‌లో నడిచే వీడియో ఆగదు. టెర్మినల్‌లో (కమాండ్లు కొట్టే కిటికీ) మీరే కొట్టే, సాఫ్ట్‌వేర్ దించే ఆప్ట్ కమాండూ ఆగదు. అన్నిటికన్నా మొండిది ఉబుంటులో యాప్‌లు దించి అప్‌డేట్ చేసే స్నాప్. అది రోజుకి నాలుగుసార్లు అప్‌డేట్లు చూసుకుంటుంది, విడిగా చెబితే తప్ప మీటర్డ్ గుర్తుని లెక్కచేయదు. ఉబుంటు 22.04 నుంచి ఫైర్‌ఫాక్స్ కూడా స్నాపే. టెర్మినల్‌లో సుడో, స్నాప్, రిఫ్రెష్ అని మధ్యలో ఖాళీలిస్తూ ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో కొట్టండి. ఇంకో ఖాళీ తర్వాత రెండు అడ్డగీతలు, వాటికి ఆనుకుని హోల్డ్ అని కొట్టి (sudo snap refresh --hold) ఎంటర్ నొక్కండి. మళ్లీ వదలాలంటే హోల్డ్ బదులు అన్‌హోల్డ్. మింట్ వాళ్లకి ఈ బాధ లేదు, 2020లో వచ్చిన మింట్ 20 నుంచి స్నాప్‌ని దాని తయారీదారులే ముందే అడ్డుకున్నారు. ఫోన్ నెట్‌తో బతికేవాళ్లు ఉబుంటు కన్నా మింట్ ఎక్కించుకోవడమే తెలివి.

డేటా ఇంకా కారుతోందా? సిస్టమ్ మానిటర్‌లో రిసోర్సెస్ ట్యాబ్ తెరిచి, బ్రౌజర్ మూసేసి, మొత్తం రిసీవ్ అయిన అంకెని పది నిమిషాలు గమనించండి. పెద్దగా కదలకుండా ఉంటే ఖర్చు మీ బ్రౌజర్‌ది. పెరుగుతూనే ఉంటే ఎక్కడో క్లౌడ్ సింక్ (ఫైళ్లని నెట్‌తో సరిచూసుకోవడం) లాంటిదేదో నడుస్తోంది.

అప్‌డేట్లు ఆపేశాం కదా అని నెలల తరబడి వదిలేయకండి, బ్రౌజర్ పాతబడితే ప్రమాదమే. చాలా ప్యాకుల్లో ఆ రోజు కోటాలో మిగిలిందంతా అర్ధరాత్రి పన్నెండుకి ఎలాగూ పోతుంది. పదకొండింటికి కూర్చుని, ఉబుంటు అయితే ముందు సుడో స్నాప్ రిఫ్రెష్ ఒక్కటే కొట్టండి. హోల్డ్ ఉన్నా చేత్తో కొట్టినది నడుస్తుంది. అది అయ్యాక అప్‌డేట్ మేనేజర్ (ఉబుంటులో సాఫ్ట్‌వేర్ అప్‌డేటర్) తెరిచి, డౌన్‌లోడ్ సైజు ఎంతో చూసి, మిగిలిన డేటాకి సరిపోతేనే ఇన్‌స్టాల్ నొక్కండి.